బ్రేకు పిడి

...అది సరిపోకూడదు. నమూనా లేకుండా చేసిన పిడి అంత సాఫీగా ఎలా దిగుతుంది? డ్రైవరు గదిలో నిలబడ్డ నిషివాకి బుర్రలో ఆ ఒక్క ప్రశ్నే తిరుగుతోంది. చుట్టూ చప్పట్లు.

"చూశారా! టక్కుమని కూర్చుంది!" పాత రైలును బాగుచేసే సంఘం పెద్ద ఒగాతా పొంగిపోయింది.

పదకొండేళ్ళ ఆదివారాలన్నీ ధారపోసి, తుప్పు గీకి, చెక్క నేల మార్చి, మోటారుకు తీగ చుట్టి వాళ్ళు నిలబెట్టిన పాత కరెంటు రైలుపెట్టె అది. బ్రేకు పిడి ఒక్కటే లేక ఆగిపోయింది. ఇవాళ షెడ్డు నుంచి ప్లాట్‌ఫారం దాకా, రెండు వందల మీటర్లు, తనంత తాను నడవబోతోంది.

"మునకతా గారూ, మీ చేతులకు దండం పెట్టాలి."

"చేతులకెందుకమ్మా, నా లేతు మిషనుకు పెట్టు. నాకంటే అదే ముసలిది," అన్నాడు కొత్త పిడి చేసిన డెబ్బై తొమ్మిదేళ్ళ మునకతా.

"అసలు పిడి కొట్టేసిన దొంగ వెధవ వచ్చి చూడాలి ఇప్పుడు!" కింద నుంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. నిషివాకి కూడా నవ్వాడు. తన నవ్వు తనకే కాస్త ఆలస్యంగా వినిపించింది.

దొంగతనం కాదని ఎన్నిసార్లు చెప్పుకున్నాడో. దిగేటప్పుడు పిడి ఊడదీసి వెంట తీసుకెళ్ళడం డ్రైవరు పద్ధతి. లైను మూసేసిన రోజు కూడా చెయ్యి ఆ పనే చేసింది. కాళ్ళు మాత్రం డిపోకి కాకుండా ఇంటికి నడిచాయి. ఇప్పుడది తువ్వాలులో చుట్టి, అతని భుజాన ఉన్న అన్నం సంచి అడుగున ఉంది. ఇచ్చేద్దామని ప్రతి ఆదివారం తేవడం, మునకతా లేతు పక్క కొక్కేనికి తగిలించడం, సాయంత్రం విప్పకుండానే మోసుకుపోవడం. ఇవాళ పొద్దున కూడా అక్కడే తగిలించాడు.

ఇక ఇవ్వక్కర్లేదు. ఎవరికీ తెలియదు. మరి ఈ గుండె తేలికపడదేం?

"ఆఖరి రోజు నడిపింది మీరే. మళ్ళీ మొదటిరోజూ మీరే," అంటూ ఒగాతా కిందికి దిగింది. గదిలో మునకతా, అతను మిగిలారు.

నిషివాకి పిడి పట్టుకున్నాడు. తళతళలాడే ఇత్తడి మీద బొటనవేలు ఒక చిన్న గుంటలోకి జారింది. ఏళ్ళ తరబడి ఒకే వేలు ఆనితే పడే గుంట. దాన్ని కూడా చెక్కాడా ఈ ముసలాయన? ఓ డ్రైవరు వేలి కోసం ఇంత శ్రమ పడ్డాడా?

ఇలాంటి పనివాడి పక్కన నిలబడి, ఆ సంచి భుజాన వేసుకుని, బండి నడపడం తనవల్ల కాదు.

"మునకతా గారూ, ఆ దొంగ వెధవని నేనే."

సంచిలో చెయ్యి పెట్టి మూట తీశాడు. తువ్వాలు విప్పి ముందుకు చాచాడు. మునకతా అటు చూడలేదు. పట్టాల కేసి చూస్తున్నాడు.

నిషివాకి చూశాడు. ఇత్తడి కొత్తగా మెరుస్తోంది. లేతు నూనె వాసన ఇంకా పోలేదు. బొటనవేలు ఆనే చోట గుంట లేదు.

"మళ్ళీ జాగ్రత్తగా చుట్టేయండి," అన్నాడు మునకతా నెమ్మదిగా. "నాలుగు నెలలు పట్టింది నాకు దాన్ని చెయ్యడానికి. గీత పడిందంటే ఊరుకోను."