లంక మఠంలో లోవరాజు

ఇంటరు తప్పి మఠంలో చేరిపోయిన కొడుకు లోవరాజును వెనక్కి తెచ్చుకోవాలని చిన్నమ్మలు అంతర్వేది నుంచి పడవెక్కి లంకకు వచ్చింది. అక్కడి శిష్యులు ముసుగు తియ్యరు, మాట్లాడరు. చీకట్లో వరసగా నడిచిపోతుంటే తల్లి తన బిడ్డ చెయ్యి పట్టుకోవాలి. సరిగ్గా పట్టుకుంటే పంపేస్తారు. పొరబడితే మళ్ళీ అడగడానికి లేదు.

"పోల్చుకోగలరా అండీ?" అన్నాడు మఠం పెద్ద.

"చిన్నప్పుడు కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడండీ. కాలు ఈడుస్తాడు. నిద్దట్లో విన్నా చెప్పేస్తాను."

"ఆయ్" అంటూ ఆయన పెట్రోమాక్సు లైటు ఆర్పేశాడు. ఆ గొంతులో నవ్వు దాగినట్టు ఆమెకు తోచింది.

వసారాలో అడుగులు వినిపించాయి. ఒక కాలు గట్టిగా పడుతోంది, రెండోది నేలమీద ఈడ్చుకుపోతోంది. చెయ్యి చాచబోయి ఆమె ఆగిపోయింది. వెనకవాడూ అలాగే నడుస్తున్నాడు. వాడి వెనకవాడూ అంతే. వరసంతా కాలు ఈడుస్తూ వస్తోంది.

పెద్ద పక్కనే ఉన్నాడు, కదల్లేదు. మరి వీళ్ళకెలా తెలిసింది?

"ఒరే లోవా!" అని అరిచింది.

అడుగులు ఆగాయి. ఆమె కుడిచేతిలోకి ఒక చెయ్యి వచ్చి దూరింది. ఎడమచేతిలోకి ఇంకొకటి. తడిమి చూసింది. బోండాం కొడుతుంటే కత్తి తగిలి లోవకి పడ్డ మచ్చ, ఇద్దరి బొటనవేళ్ళకీ ఉంది. ఆ మచ్చ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

"ఒక్కణ్ణే అండీ" అన్నాడు పెద్ద, మెల్లగా.

ఎడమచేతిలోది వదలబోయింది. అది సన్నగా వణికింది.