నత్త మరిచిపోయిన మందు

స్వామిని తలుచుకుని వినండి తల్లీ. ఓ మడుగు గట్టున తాబేలుకి గుబులు పట్టుకుంది. తల డిప్పలోకి లాక్కుని తిండి మానేసింది. ఇక దక్కదనుకున్నారంతా.

కొంగ వచ్చి, "ఒంటికాలి మీద నిలబడి ఊపిరి తియ్యవే, అదే పోతుంది," అంది. కప్ప, "గొంతు చించుకుని అరిచెయ్, భారం దిగుతుంది," అంది. చెప్పేసి ఎవరి దారిన వాళ్లు పోయారు. తాబేలు కదల్లేదు.

ఆఖరికి నత్త వచ్చింది. "వదినా, నీకో మంచి మందు చెబుదామని బయల్దేరాను. దారిలో మరిచిపోయాను. ఇంటిదాకా తోడు వస్తావా? ఒక్కదాన్నే పోవాలంటే భయం."

"నీక్కూడానా?" అంటూ తాబేలు తల బయటపెట్టింది.

ఇద్దరూ ఎండలో నడిచారు. దారిలో తాబేలు రెండు ఆకులు నమిలింది.

"గుబులు పోయిందా వదినా?" అడిగింది నత్త.

తాబేలు వెనక్కి చూసింది. "లేదు, వస్తూనే ఉంది. మనకంటే నెమ్మది, పాపం."