మూగబోయిన సెట్టు

ఒక్క దెబ్బకు మైకు నుజ్జునుజ్జయింది.

"ఇక నీ కూతలుండవు," అన్నాడు సుత్తి. "వినిపిస్తే చాలు మాస్టరూ. నువ్వు మాట్లాడక్కర్లేదు."

అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చేతిలో ఎప్పుడూ సుత్తి ఉంటుంది కాబట్టి ఆ పేరొచ్చిందని భయపడేవాళ్ళు అంటారు. నోరు తెరిస్తే మూయడు కాబట్టి వచ్చిందని చాటున నవ్వుకునేవాళ్ళు అంటారు. రెండూ నిజమే.

కుర్చీకి నడుం కట్టేసి ఉన్న మనిషి ట్యూషన్లు చెప్పుకునే సైన్సు మాస్టరు. ఎదురుగా బల్ల మీద ఉన్నది అతను విడిభాగాలు తెప్పించుకుని ఇంట్లో కూర్చుని అతికించుకున్న రేడియో సెట్టు. అందులో అవతలివాళ్ళ మాట వినొచ్చు, మన మాట పంపొచ్చు. సుత్తి యజమానికి వినడం ఒక్కటే కావాలి. చీకటి పడితే దొంగ ఇసుక లారీలు కదులుతాయి. చెక్‌పోస్టు వాళ్ళు వైర్‌లెస్‌లో ఏం చెప్పుకుంటున్నారో తెలిస్తే లారీలు దారి మార్చుకుంటాయి.

మాస్టరు కుదరదన్నాడు. అందుకని పొద్దున్నే అతన్నీ, అతని అన్ననూ ఎత్తుకొచ్చారు. అన్నను వేరేచోట ఉంచారు. సాయంత్రంలోగా సెట్టు పలక్కపోతే అన్న ఉండడు.

సెట్టులోంచి గరగర తప్ప ఏమీ రావడం లేదు.

"ఏంటిది? ఇసుకలో శనగలు వేయిస్తున్నావా?"

"సరిగ్గా చెక్‌పోస్టు వాళ్ళ ఫ్రీక్వెన్సీ దగ్గరే తిప్పి ఉంచానన్నా. ఎక్కడో అతుకు వదిలింది."

"అతుకు నేను పెడతా."

సుత్తి అతని ఎడమచేతిని బల్లకు అదిమి, చిటికెన వేలి మీద ఒక్కటిచ్చాడు. ఎముక చిట్లిన చప్పుడు గరగరలో కలిసిపోయింది. మాస్టరు అరవలేదు. పళ్ళు బిగబట్టి గొడ్డులా మూలిగాడు.

"కుడిచెయ్యి వదిలేశా చూడు. పనిచేసుకునే చెయ్యి కదా. నేను మరీ అంత దుర్మార్గుణ్ణి కాదు."

మాస్టరు సెట్టును వెల్లకిలా తిప్పాడు. స్పీకరు తీగలు ఊడదీసి, కొసలు గీకి, మళ్ళీ అతికించాడు. ఇంకెక్కడో రెండు కొసలు కలిపి టంకం చుక్క వేశాడు. నెత్తురు పడ్డచోట టంకం చిటపటలాడింది.

గరగర ఠక్కున ఆగిపోయింది.

"ఉన్న ప్రాణం కూడా తీశావు కదరా దానికి." సుత్తి అతని చేతిలోంచి కాలుతున్న టంకం కడ్డీ లాక్కుని ముంజేతికి ఆనించాడు. చర్మం చుయ్యిమంది. ఈసారి మాస్టరు అరిచాడు.

"స్పీకరు దగ్గరకొచ్చి వినన్నా," అన్నాడు ఊపిరి అందాక. "సన్నగా వస్తోందేమో."

సుత్తి వంగి చెవి పెట్టాడు. "శవంలా పడుంది. మీ అన్నకు మూడింది."

"రంపపు మిల్లు వెనక రేకుల షెడ్డు కదన్నా ఇది. ఈ వేడికి టంకం గట్టిపడటం లేదు. కాస్త ఆగు."

గట్టిగా అన్నాడు. దెబ్బలు తిన్నవాళ్ళు చెవిటివాళ్ళలా మాట్లాడతారని సుత్తికి అనుభవం. గొంతు తగ్గించమని చెంప మీద ఒకటి వేశాడు.

"మా అన్న బతికే ఉన్నాడా? ఆ ఒక్కటీ చెప్పు. చేతులాడటం లేదు."

"మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీలో చల్లగా ఉన్నాడు. కాపలా నా తమ్ముళ్ళిద్దరూ. ఒకడికి కత్తి పట్టుకోవడం రాదు, ఇంకొకడికి వదిలిపెట్టడం రాదు."

"అబద్ధం. ఆ ఫ్యాక్టరీకి తాళాలున్నాయి."

సుత్తికి రోషం వచ్చింది. అబద్ధమంటే అతను పడడు.

"వెనక గేటు తాళం దీంతోనే పగలగొట్టా. నీకింకోటి చెప్పనా? పోయినేడు చెక్‌పోస్టువాడొకడు ఏట్లో జారిపడి పోయాడన్నారే, వాడు జారలేదు. నీలాగే కుదరదన్నాడు. మెడ మీద కాలేసి తొక్కా. ఎంతసేపు కొట్టుకున్నాడనుకున్నావు?"

మాస్టరు మీటరు తీగ కొసలతో అక్కడా ఇక్కడా తాకి చూస్తూనే ఉన్నాడు. సుత్తి ఆ చావు సంగతి మొదట్నించీ చివరిదాకా చెప్పాడు. ఆ తర్వాత యజమాని సంగతి చెప్పాడు. లారీలు ఏ రేవులో దిగుతాయో కూడా చెప్పాడు. ఎలాగూ చావబోయేవాడి దగ్గర దాపరికమెందుకు?

రేకుల సందుల్లోంచి పడే ఎండ గోడెక్కింది. సెట్టు మాత్రం పలకలేదు.

సుత్తి లేచి మొహం మీద గుద్దాడు. పన్నొకటి ఊడి బల్ల మీద పడింది. కుర్చీని తన్నాడు. కుర్చీతో సహా మాస్టరు నేల మీద పడ్డాడు. సుత్తి కాలితో అతని గొంతు తొక్కిపట్టి ఫోను తీశాడు.

"తమ్ముడూ, ఆ అన్నగాడి పని కానిచ్చెయ్."

అవతల కొత్త గొంతు పలికింది. "మీ తమ్ముడి చేతులు ఖాళీగా లేవు. వెనక్కి విరిచి కట్టాం. అన్నగారు మా జీపులో మంచినీళ్ళు తాగుతున్నారు."

బయట ఇంకో జీపు ఆగింది. తలుపు మీద బూటు కాలు పడింది. సుత్తి చేతిలోంచి ఫోను జారింది.

"ఎవడ్రా వాళ్ళకి చెప్పింది?"

మాస్టరు నోట్లోని నెత్తురు ఊశాడు.

"నువ్వేనన్నా, మైకు పోయినా స్పీకరు తీగలు మైకు చోట అతికిస్తే అదే వింటుంది, పంపే మీట కొసలు కలిపేస్తే సెట్టు పంపుతూనే ఉంటుంది, గరగర ఆగినప్పట్నించీ నువ్వన్న ప్రతి మాటా చెక్‌పోస్టు వైర్‌లెస్‌లో మోగుతూనే ఉంది."