శరణ్య శిష్యురాలు

హిమజ తలుపు తీసేసరికి కోటేశ్వరమ్మ బకెట్‌లోకి తొంగి చూస్తున్నారు.

ఆవిడ చేతిలో చిన్న కాగితం ముక్క ఉంది.

"అక్కడ కాదు అమ్మమ్మా" అంటోంది సోఫా మీద నిలబడ్డ ఆరేళ్ల శరణ్య. "నేను రాసింది బెడ్. నువ్వు బకెట్ దగ్గరికెళ్లావ్."

"రెండూ ఒకేలా మొదలయ్యాయిగా తల్లీ."

"ఫస్ట్ లెటర్ చూసి చెప్పేస్తే ఎలా? ఎండ్ దాకా చూడాలి."

కోటేశ్వరమ్మ కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నారు. ఒక్కో అక్షరం కింద వేలు జరుపుకుంటూ పడగ్గదిలోకి నడిచారు. దిండు కింద దాచిన బిస్కెట్ దొరికింది.

శరణ్య చప్పట్లు కొట్టింది. హిమజ కొట్టలేదు.

కోటేశ్వరమ్మ, హిమజ వాళ్ల వెనక ఫ్లాట్‌లో ఉండే పాండురంగ తల్లి. ఆరు నెలల వీసా మీద న్యూజిలాండ్‌లోని ఈ పాపటోయిటోయికి వచ్చి ఐదు నెలలు దాటింది. బడి వదిలాక, హిమజ ఎయిర్‌పోర్టు దగ్గరి వేర్‌హౌస్ నుంచి వచ్చేదాకా, పాపను తాను చూసుకుంటానని ఆవిడే అన్నారు. రెండు నెలలుగా చూసుకుంటున్నారు.

హిమజ ఆవిడకు ఒకే ఒక్క పని చెప్పింది. బడిలో ఇచ్చిన పట్టీలోని మాటలు ఒక్కోటీ ఇరవైసార్లు రాయించాలి.

ఆ బడిలో చదివే స్థాయిని బట్టి పుస్తకాలకు రంగులుంటాయి. శరణ్య తోటివాళ్లు ఆకుపచ్చకు చేరారు. శరణ్య ఇంకా ఎరుపులోనే ఉంది. మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేస్తోందని టీచర్ రాసి పంపింది. వచ్చే వారం పరీక్ష. అప్పటికీ కదలకపోతే రోజూ క్లాసులోంచి లేపి విడిగా కూర్చోబెడతారు.

ఆ మాట విన్నప్పటి నుంచి హిమజకు అన్నం సయించడం లేదు.

ఆమె నోట్‌బుక్ తెరిచింది. మొదటి పేజీలో రెండు వరుసలు, ఆ తర్వాత తెలుపు.

"ఇదేంటాంటీ, ఒక్క పేజీ కూడా రాయించలేదా?"

"రాయమంటే ఏడ్చిందమ్మా. ఆడుకుందామంటే లేచొచ్చింది."

"ఆటలకేముంది, ఎప్పుడైనా ఆడుకోవచ్చు. వారంలో టెస్ట్ ఉంది."

"అమ్మా, అమ్మమ్మకి రీడింగ్ రాదు" అంది శరణ్య మధ్యలో దూరి. "నేనే నేర్పిస్తున్నా. నిన్న ఫ్రిజ్ అని రాస్తే వెళ్లి ఫ్యాన్ కింద నిలబడింది."

హిమజ ముఖం మారిపోయింది.

"మీకు చదువు రాదా ఆంటీ?"

కోటేశ్వరమ్మ శరణ్య వైపు చూశారు. పిల్ల ఛాతీ విరుచుకుని నిలబడి ఉంది.

"ఇప్పుడు మీ అమ్మాయి నేర్పుతోందిగా" అన్నారు.

భర్త రవిచంద్ర ఇంటికి రాగానే హిమజ ఆ సంగతే ఎత్తింది.

"తాను దూర కంత లేదు, మెడకో డోలు. చదువు రానావిడ దగ్గర రెండు నెలలు వదిలేశాం."

"పాఠాలు చెప్తానని ఆవిడ అనలేదుగా. చూసుకుంటానంది, చూసుకుంటోంది."

"మన పిల్లని క్లాసులోంచి లేపితే అప్పుడూ ఇలాగే అనండి."

మర్నాడు హిమజ షిఫ్ట్ మార్చుకుంది.

"ఇకనుంచి నేనే ఉంటానాంటీ. మీకెందుకు శ్రమ."

"శ్రమేముందమ్మా" అన్నారు కోటేశ్వరమ్మ. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగారు. "వెళ్లొస్తానే, అమ్మడూ."

"హోంవర్క్ మర్చిపోకు అమ్మమ్మా" అంది శరణ్య, వేలు చూపిస్తూ.

ఆ వారమంతా శరణ్య రాసింది. రాస్తూ ఏడ్చింది. ఏడుస్తూ రాసింది.

పరీక్షయ్యాక టీచర్ హిమజను పిలిచింది.

"శరణ్య ఆకుపచ్చకు వచ్చేసింది. మధ్యలో రెండు రంగులు దాటేసింది."

హిమజ బ్యాగులోంచి నోట్‌బుక్ తీసి చూపించింది.

"ఒక్కో మాటా ఇరవైసార్లు రాయించానండీ."

టీచర్ నవ్వింది. "రాయడం సంగతి తెలీదు. ఆగిన చోటల్లా వేలు పెట్టి, మాట చివరిదాకా చూసి చదువుతోంది. ఎలా వచ్చిందని అడిగితే, తనకో స్టూడెంట్ ఉందట, ఆవిడ తప్పులు దిద్దీ దిద్దీ వచ్చిందట. ఎవరా స్టూడెంట్?"

హిమజ టీచర్ దగ్గర సెలవు తీసుకుంది.

దారిలో స్వీట్ల పెట్టె కొంది. శరణ్యను వెంటబెట్టుకుని తిన్నగా వెనక ఫ్లాట్‌కి వెళ్లింది.

పాండురంగ తలుపు తీశాడు.

"అమ్మ పొద్దున్నే ఫ్లైట్ ఎక్కేసిందండీ. వీసా అయిపోయింది. చెప్పి వెళ్దామని నిన్న మీ గుమ్మందాకా వచ్చింది. పాప రాసుకుంటోంది, పిలిస్తే ధ్యాస చెడుతుందని వెనక్కి వచ్చేసింది."

హిమజ పెట్టెను రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయింది.

"ఒక్క మాట చెప్పాలని వచ్చానండీ. మా పిల్ల పాసైంది. పాపం, ఆంటీకి చదువు రాకపోయినా..."

"అమ్మకి చదువు రాదని ఎవరన్నారు?"

"నేనే అడిగాను. కాదనలేదు."

"పాప అక్కడే ఉందా?"

"ఉంది."

"అందుకే అనలేదు." పాండురంగ శరణ్యను చూసి నవ్వాడు. "నాన్న పోయాక, నలభై మూడో ఏట తెలుగు, ఇంగ్లీషు అక్షరాలు దిద్దిందండీ అమ్మ. తర్వాత మా వసారాలోనే ఊరి ఆడవాళ్లని కూర్చోబెట్టుకుంది. ఎవరు ఏ తప్పు చదివితే తనూ అదే తప్పు చదివేది. వాళ్ల చేతే దిద్దించుకునేది."

"ఎంతమందికి నేర్పారు?" అంది హిమజ మెల్లగా.

"లెక్క నాకూ తెలీదండీ. ఇక్కడికి బయల్దేరిన రోజున సాగనంపడానికి ఆడవాళ్లంతా రోడ్డు మీదికొచ్చారు, దూరంగా వస్తున్న బస్సు బోర్డు అందరూ ఒక్కసారిగా పైకి చదివి, 'మీ బస్సు ఇదే, ఎక్కండి పంతులమ్మా' అన్నారు."