మగ్గం మీద లైటు

"ఛీ! దీన్ని లైటంటారా?"

మగ్గం మీద వేలాడుతున్న అరవై క్యాండిల్ బల్బును చూసి షావుకారు శ్రీనివాసులు మొహం చిట్లించాడు. కూర్చోమని పరిచిన చాపను కాలితో పక్కకు తోశాడు. ధర్మవరంలో ఆ వీధికంతా నేతకు పడుగు దారం ఇచ్చేదీ, నేసిన చీర తీసుకుపోయేదీ ఆయనే. అందుకే ఆయన ఎంత ఏవగించుకున్నా మగ్గం నేసే ఎర్రిస్వామి నవ్వి ఊరుకోవాలి.

"ఈ పసుపు వెలుతురులో ఎరుపేదో, కుంకుమేదో నీకెట్ల తెలుస్తాదప్పా? హిందూపురం పోయి చూడు. ఇంటింటికీ ట్యూబులైట్లే ఉండాయి."

అప్పుడు నేసిన చీర రెండో రకం కింద పోయింది. కూలి సగమే ముట్టింది.

ఎర్రిస్వామి ట్యూబులైటు బిగించాడు. సాయంత్రమైతే కరెంటు చాలక అది మిణుకుమిణుకుమంటూ ప్రాణం తీసేది. వాన పడితే మరీ రోత. రెక్కల పురుగులన్నీ వచ్చి పట్టు మీదే రాలేవి. ఊళ్లోవాళ్ల చీరలకు కుచ్చులు కట్టే చౌడక్క ఆ పని పక్కన పెట్టి, మొగుడి మగ్గం మీద పురుగులు ఏరుతూ కూర్చునేది.

నెల తర్వాత శ్రీనివాసులు వచ్చాడు. చచ్చిన ఎలుకను తోక పట్టి ఎత్తినట్టు చీరను రెండు వేళ్లతో ఎత్తాడు.

"నీ చెయ్యి నీడే పడతాంది పడుగు మీద. ఎదురుగా ఇంకోటి పెట్టల్ల."

రెండో రకమే. ఇంకో ట్యూబు పెట్టారు. ఈసారి రంగు పాలిపోయిందన్నాడు. మళ్లీ రెండో రకమే.

కరెంటు సామాన్ల అంగడి రఘునాథ్ కొత్తగా వచ్చిన మెలికల బల్బు చేతిలో పెట్టాడు. "ఇది కూడా ఆయప్పకు నచ్చకుంటే, ఇంక సూర్యున్నే తెచ్చి దూలానికి కట్టల్ల అన్నా" అన్నాడు.

"ఆయప్ప కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం" అంది చౌడక్క, మొగుడు ఆ బల్బు తెచ్చి బిగించాక. "పొయ్యి కాడ చూస్తే చీకటి. మగ్గానికి మాత్రం తిరనాళ్ల దీపాలు!"

శ్రీనివాసులు కడసారి పడుగు ఇస్తూ వేలు చూపించాడు.

"పోయిన ఎండాకాలం నేసినావే, చిలకపచ్చకు ఎర్రంచు, అచ్చం అట్లాటిదే నెయ్యి. అదీ చీరంటే! అంగట్లో కూడా పెట్టలేదు దాన్ని, ఇంట్లోకే ఉంచుకున్నా. ఈ తూరి బాగాలేదంటే పడుగు గోరంట్లోళ్లకు ఇచ్చేస్తా. నువ్వు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకోని ఊరికే కూచో."

పడుగు లేని మగ్గానికి ఎన్ని లైట్లు పెట్టి ఏం లాభం? ఎర్రిస్వామి ఇరవై రోజులు తల ఎత్తకుండా నేశాడు.

చెప్పిన రోజుకే శ్రీనివాసులు వక్కాకు నములుతూ లోపలికి వచ్చాడు. లైట్ల కింద చాప మీద చిలకపచ్చ చీర పరిచి ఉంది. చౌడక్క దాని పక్కనే కూర్చుని దారం పేనుతోంది. ఆయన వంగి ఆ చీరను లాక్కున్నాడు.

"సావుకారీ, అది..." అంటూ చౌడక్క లేవబోయింది.

"నువ్వుండు" అన్నాడు ఎర్రిస్వామి. "చూడనీ."

మూడు లైట్లూ వెలిగించాడు. శ్రీనివాసులు చీరను అటూ ఇటూ తిప్పాడు. అంచును గోటితో గీకాడు. వాసన కూడా చూశాడు.

"థూ! ఇది చిలకపచ్చనా? చెరువు పాచి! అంచు చూడు, ఎండిన నెత్తురు మాదిరి ఉండాది. మా ఇంట్లో పనిమనిషి కూడా దీన్ని ఒంటికి తాకించుకోదు. నీకింక పడుగు లేదు పో."

చీర విసిరికొట్టి వాకిట్లోకి తుపుక్కున ఉమ్మేశాడు.

ఎర్రిస్వామి చీర తీసుకున్నాడు. దులిపి, మడత పెట్టి, మళ్లీ ఆయన చేతుల్లోనే పెట్టాడు. ఈసారి నవ్వలేదు.

"మీరు చెప్పి నేయించిన చీర ఆ పెట్టెలో ఉండాది సావుకారీ, ఇది ఆ పాత బల్బు కింద నేసిన ఎండాకాలం చీర, మీ పాప నిశ్చితార్థానికి కుచ్చులు కట్టమని పొద్దున్నే మీ ఇంట్లోవాళ్లు పంపించినారు."