గుమ్మం మీది దొరసాని

ఆ రాతి మొహం ముందు భోజన్న బీడీ ముట్టించడు. కాల్చాలనిపిస్తే ఇంటి వెనక్కి పోతాడు.

"రాయికి గూడ భయపడ్తవా అన్నా?" అని తోటి మేస్త్రీ దేవేందర్ రోజూ ఆటపట్టిస్తాడు.

"నీకేం ఎర్క? దాని సూపు సూడు," అంటాడు భోజన్న తల వంచుకుని.

ఫ్రాన్సులో బోర్డో అనే పాత వర్తకుల పట్నంలో ఓ మూడంతస్తుల రాతి ఇల్లుంది. అక్కడి సర్కారు కంటికి రెప్పలా కాపాడుతున్న ఇల్లు. గోడకి మేకు కొట్టాలన్నా అనుమతి కావాలి. ఓ షేక్ దాని మీద మనసు పడ్డాడు. కొనడం కుదరక, అబుదాబిలో మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ పక్కన అచ్చం అలాంటిదే కట్టించాడు, పగుళ్ళతో సహా. పగులు కనపడితే పూడ్చకుండా ఉండలేని భోజన్నకి, ఫొటో చూసి పగుళ్ళు పెట్టడం ప్రాణం మీదికొచ్చింది. గుమ్మం మీద దొరసాని మొహం మాత్రం అతని చేతిలో బాగా కుదిరింది. ముడిపడ్డ కనుబొమలు, బిగించిన పెదవులు.

ఆ అసలు ఇంటిని చూసుకునే మేడమ్ షేక్ పిలుపు మీద ఈ రోజు తనిఖీకి వస్తోంది.

"ఒక్క తేడా కనపడినా ఆవిడ సంతకం పెట్టదు. ఆవిడ పెడితేనే నీ సెలవు కాగితం మీద నేను పెట్టేది. లేదంటే ఖలాస్," అన్నాడు ముదీర్, అంటే మేనేజరు, వేణుగోపాలరావు.

భోజన్న ఊరెళ్ళి మూడేళ్ళు దాటింది. పెళ్ళాం భూమవ్వ ఈ మధ్య ఫోన్లో తిట్టడం కూడా మానేసింది. అతని భయమంతా అదే.

మేడమ్ వచ్చింది. ఫొటోలు పట్టుకుని గోడ గోడా పోల్చి చూసింది. తల ఊపింది. గుమ్మం దగ్గర తలెత్తి ఆగిపోయింది.

"మా ఇంటి మీద ఈ మొహం ఎప్పుడో అరిగిపోయింది. ముక్కూ కళ్ళూ లేవు. ఇది మీకెక్కడ దొరికింది?"

వేణుగోపాలరావు భోజన్న వైపు చూశాడు. భోజన్న నేల వైపు చూశాడు.

"పాత బొమ్మొకటి దొరికింది మేడమ్," అన్నాడు వేణుగోపాలరావు, నోటికొచ్చినట్టు.

"మరి ముక్కుకి ఆ పువ్వేంటి?"

"ఆ రోజుల్లో మీ ఓడలు ఇండియాకి వచ్చేవి కదండీ. నగలు అక్కడివే."

మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఇరవయ్యేళ్ళుగా ఈవిడ మొహం కోసమే వెతుకుతున్నానంది. అచ్చు తీసి పంపితే బోర్డోలో అసలు ఇంటి మీద కూడా ఇదే పెట్టిస్తానంది. సంతకం గీకేసింది.

సెలవు కాగితం జేబులో పెట్టుకుని భోజన్న ఇంటికి ఫోన్ చేశాడు. శుక్రవారం వస్తున్నానని చెప్పాడు.

"బీడీలు మానినవా?" అంది భూమవ్వ.

"నీ మొగం ముంగటైతే ఎన్నడు తాగలేదే, ఇగ గా మొగం ఫ్రాన్సుకు పోతున్నది," అన్నాడు భోజన్న.