పై కన్నం

మంచు కురిసే దేశంలో, ఒక పెరట్లో కోళ్లగూడు ఉండేది. అందులో ఉండే ఎర్రపుంజుకి తన తురాయంటే ప్రాణం. చలికి అదెక్కడ పాడవుతుందోనని, చూరు కింద ఉన్న గాలికన్నంలో గడ్డి కుక్కడం మొదలుపెట్టింది.

చుక్కలపెట్టకి ఒళ్లు మండింది. "బావా, అది మూసెయ్యకు. మన ఊపిరిలోని తడంతా బయటికి పోయేది అందులోంచే," అంది.

"గాలే రాకపోతే చలి ఎక్కణ్నుంచి వస్తుందే? పోయి గుడ్డు పెట్టుకో," అంది పుంజు.

గూడు వెచ్చబడేసరికి మిగతా పెట్టలన్నీ బావని తెగ మెచ్చుకున్నాయి.

తెల్లారేసరికి ఊపిరి తడంతా పైకప్పుకి పట్టి, బొట్లుబొట్లుగా పుంజు నెత్తిన కారింది. తడిసిన తురాయి తెల్లవారుజాము చలికి సగందాకా గడ్డకట్టి నల్లబడింది.

"చూశారా చలిగాలి! ఇంకో కన్నం ఎక్కడో ఉంది, వెతకండి!" అని పుంజు గోలపెట్టింది. పెట్టలన్నీ ముక్కున గడ్డి కరుచుకుని బయల్దేరాయి.

చుక్కలపెట్ట మాత్రం దూలమెక్కి, పై కన్నంలోని గడ్డినంతా ముక్కుతో లాగి పారేసింది.

"ఎవర్నడిగి తీశావే?" అని కేకేసింది పుంజు.

"నీ తురాయినే అడిగాను బావా. మిగిలిన సగమైనా దక్కించమంది."